పాత గన్నుకే అంటుకుపోయారా? షూటర్ ఆటల్లో ప్రయోగాలతో ఫైట్‌కి సరదా తెచ్చుకునే పద్ధతి

ముందు లక్షణాలు చూసుకోండి. బీజీఎంఐ (పబ్‌జీ మొబైల్‌కి మన దేశపు రూపం) లాంటి ఆటలో విమానం దిగగానే అదే డాబా, అదే ఎం416 గన్ను, దానికి ఎప్పుడూ బిగించే అవే భాగాలు. మనిషి కనిపిస్తే వంగడం, పక్కకి ఒరగడం, స్ప్రే కొట్టడం. చికెన్ డిన్నర్ (మ్యాచ్ గెలుపు) వచ్చినా ముఖంలో వెలుగు లేదు, ఓడితే మాత్రం చిరాకు. ఒడిశాలోని బరంపురంలోనైనా, పర్లాకిమిడిలోనైనా, గుణుపురం హాస్టల్ గదిలోనైనా ఈ స్థితికి వచ్చినవాళ్లు ఆటనే తిట్టుకుని ఇంకో ఆట దించుకుంటారు. రెండు వారాలు తిరక్కుండానే అక్కడా ఒక గన్ను, ఒక మూల, ఒకే పద్ధతి.

ఫైట్‌లో ఉత్సాహం పుట్టేది "ఇలా చేస్తే ఏమవుతుందో" అన్న చోట. జవాబు ముందే తెలిసిపోయాక మిగిలేది చేతిపని. మనస్తత్వ శాస్త్రంలో ఎడ్వర్డ్ డెసీ, రిచర్డ్ రయాన్ చాలా ఏళ్ల క్రితమే చెప్పిన సంగతి ఒకటుంది: సొంతంగా ఎంచుకున్నామన్న భావన, చేతనవుతోందన్న భావన ఉన్న పనే మనిషిని లాగుతుంది. 2006లో రయాన్, స్కాట్ రిగ్బీ, ఆండ్రూ ప్రజిబిల్‌స్కీ దాన్ని వీడియో గేమ్‌ల మీద పరీక్షించి చూశారు. ఆ రెండు భావనలూ ఆట ఇచ్చే ఆనందంతో ముడిపడి ఉన్నాయని తేలింది. ప్రయోగం మొదటిదాన్ని వెంటనే ఇస్తుంది. రెండోదాన్ని మాత్రం కొన్నాళ్లు లాగేసుకుంటుంది, ఎందుకంటే కొత్త పద్ధతిలో ముందు ఓడిపోతాం. చాలామంది ఆ మధ్యకాలం దాటలేక పాత గన్నుకి తిరిగొస్తారు. కింద చెప్పేదంతా ఆ కాలాన్ని దాటడం గురించే.

ఓటమిని చవక చేసుకోండి

ర్యాంక్ మ్యాచ్‌లో ప్రయోగం చేయకండి. ఇరవై నిమిషాలు లూట్ చేసి (సామాను ఏరుకుని), కుంచించుకుపోయే సురక్షిత జోన్‌లోకి పరిగెత్తి, ఒక్క ఫైట్‌లో కొత్త షాట్‌గన్ పరీక్షించి చచ్చిపోతే పోయింది పాయింట్లు మాత్రమే కాదు, ఇరవై నిమిషాలు కూడా. ఆ బాధలో మనిషి నేర్చుకునే పాఠం ఒక్కటే: షాట్‌గన్ చెత్త. అది తప్పుడు పాఠం.

బీజీఎంఐలో వరసగా మూడు చోట్లు వాడండి. మొదట ట్రైనింగ్ గ్రౌండ్, అక్కడ చావుకి ఖరీదే లేదు. తర్వాత టీమ్ డెత్‌మ్యాచ్: నలుగురు నలుగురు, ముందు 40 కిల్స్ కొట్టినవాళ్లది గెలుపు, చచ్చిన కొన్ని సెకన్లకే మళ్లీ లేస్తారు, లూటింగ్ లేదు. ఆ తర్వాతే ర్యాంక్ లేని క్లాసిక్, అంటే విమానం నుంచి దిగి ఆడే మామూలు మ్యాచ్. వాలరెంట్ ఆడేవాళ్లకి రేంజ్ (సాధన చోటు), దాని తర్వాత డెత్‌మ్యాచ్. కౌంటర్ స్ట్రైక్ అయితే బాట్లతో (కంప్యూటరే నడిపే ఆటగాళ్లతో) సొంత సర్వర్.

ఒంటరిగా ఆడే ఆటలు ఉన్న ల్యాప్‌టాప్ ఉంటే ఇంకా మంచిది. హాఫ్‌లైఫ్ 2 2004 నాటి ఆట, పాత ల్యాప్‌టాప్ మీద కూడా నడుస్తుంది. ఎఫ్6 నొక్కితే సేవ్, ఎఫ్9 నొక్కితే వెనక్కి. ఫైట్ మొదలవబోయే ముందు ఎఫ్6 కొట్టి అదే గదిని అయిదు రకాలుగా ఆడి చూడొచ్చు. ఆన్‌లైన్ ఆటలు మన చేతిలో లేవన్నది కూడా గుర్తుంచుకోవాలి. పబ్‌జీ మొబైల్ మీద 2020 సెప్టెంబర్‌లో ప్రభుత్వ నిషేధం పడింది, ఫ్రీ ఫైర్ మీద 2022 ఫిబ్రవరిలో, బీజీఎంఐ 2022 జూలైలో ఆగి 2023 మేలో తిరిగొచ్చింది. గాలివానకి కరెంటుతోపాటు రూటర్ పోయిన సాయంత్రాలు లెక్కలో వేయకుండానే ఇంత. బ్యాటరీ ఉన్నంతసేపు ల్యాప్‌టాప్‌లోని ఆట ఎవరి అనుమతీ అడగదు.

ఫోన్, నెట్ ఒక స్థాయిలో నిలబెట్టండి

దీన్ని తేలిగ్గా దాటేస్తారు. అందుకే సగం ప్రయోగాలు వృథా అవుతాయి. ఎం416 సుమారు 0.086 సెకనుకి ఒక బుల్లెట్ వదులుతుంది, అంటే 86 మిల్లీసెకన్లు. మీ పింగ్ (ఫోన్ నుంచి సర్వర్‌కి సంకేతం వెళ్లి రావడానికి పట్టే మిల్లీసెకన్లు) నిన్న 50, ఇవాళ 220 అనుకోండి. ఆ తేడాలో రెండు బుల్లెట్లు కలిసిపోయాయి. ఇవాళ ఓడిపోయింది కొత్త గ్రిప్ వల్లా, నెట్ వల్లా? చెప్పలేరు. రాయగడ, మోహన లాంటి కొండ ప్రాంతాల్లో గదిలో ఒక గోడ నుంచి ఇంకో గోడకి జరిగినా సిగ్నల్ మారుతుంది కాబట్టి ఒకే చోట కూర్చుని ఆడండి. పింగ్ 100 దాటిన రోజు ప్రయోగం రాయకండి, ఊరికే ఆడుకోండి. బరంపురంలో ఠాకురాణి యాత్ర జరిగే రోజుల్లో వీధుల నిండా జనం, అందరి చేతిలో ఫోన్. ఆ గంటల్లో మొబైల్ డేటాని నమ్ముకుని పరీక్ష పెట్టొద్దు.

రెండోది వేడి. గ్రాఫిక్స్ స్మూత్, ఫ్రేమ్ రేట్ ఎక్స్‌ట్రీమ్ పెడితే 60 ఫ్రేములు వస్తాయి. మే నెల మధ్యాహ్నం పెంకుటింటి కింద అరగంట ఆడితే ఫోన్ తనని తాను కాపాడుకోడానికి వేగం తగ్గించుకుంటుంది, ఫ్రేములు పడిపోతాయి, గురి బరువెక్కినట్టు ఉంటుంది. వెనక కవరు తీసేయండి, ఛార్జింగ్ పెట్టి ఆడకండి, ఫ్యాన్ గాలి తగిలేలా కూర్చోండి. ఫ్రిజ్‌లో పెట్టి చల్లార్చేవాళ్లు ఉన్నారు. బయటికి తీయగానే గాలిలో తేమ ఫోన్ లోపలా బయటా నీటిచుక్కలుగా పట్టేస్తుంది. మన కోస్తా గాలిలో తేమకి కొదవా?

సెన్సిటివిటీని (వేలు కదిపితే గురి ఎంత కదలాలన్న సెట్టింగ్‌ని) ప్రయోగం నడుస్తున్నన్ని రోజులూ ముట్టుకోవద్దు.

ఒక్క ప్రశ్న, ఒక్క మార్పు

నోట్‌బుక్‌లో మూడు గడులు గీయండి: ఏం మార్చాను, ఏం జరిగింది, మళ్లీ చేయాలనిపించిందా. మూడోది మర్చిపోతే ఇదంతా ఆఫీసు పని అవుతుంది. తెలుగు మాట్లాడడమే గానీ రాయడం అలవాటులేని ఒడియా మీడియం పిల్లలు ఒడియాలోనే రాసుకోవచ్చు, నోట్‌బుక్‌కి అభ్యంతరం లేదు.

ఉదాహరణకి గ్రిప్ పరీక్ష. ఎం416కి మజిల్, గ్రిప్, మ్యాగజైన్, స్టాక్, స్కోప్ అన్నీ బిగించొచ్చు. ఏకేఎం అనే గన్నుకి గ్రిప్, స్టాక్ ఎక్కవు. కాబట్టి మొదటి పరీక్షకి ఎం416 అనుకూలం.

ట్రైనింగ్ గ్రౌండ్‌లో ఖాళీ గోడకి ముప్ఫై మీటర్ల దూరంలో నిలబడండి. రెడ్ డాట్ స్కోప్, కంపెన్సేటర్ (గొట్టం చివర బిగించి కుదుపు తగ్గించేది), వర్టికల్ గ్రిప్. వేలు కిందికి లాగకుండా 30 బుల్లెట్లూ వదలండి, రెండున్నర సెకన్లలో అయిపోతాయి. గోడ మీద గుర్తుల్ని స్క్రీన్‌షాట్ తీయండి. ఇప్పుడు వేలితో అదుపు చేస్తూ ఇంకోసారి. ఇలా మూడుసార్లు. తర్వాత గ్రిప్ ఒక్కటి మార్చి హాఫ్ గ్రిప్ పెట్టి అంతా మళ్లీ చేయండి. వర్టికల్ గ్రిప్ గన్ను పైకి ఎగరడాన్ని ఆపుతుంది. హాఫ్ గ్రిప్ పైకి, పక్కకి రెండింటినీ కొంచెం కొంచెం ఆపుతుంది. మీ వేలు కిందికి బాగా లాగగలిగితే మీకు మిగిలిన కష్టం పక్కకి ఊగడమే, కాబట్టి హాఫ్ గ్రిప్ నచ్చొచ్చు. లాగడం రాకపోతే వర్టికల్. యూట్యూబ్‌లో ఎవరో "ఇదే బెస్ట్" అన్నారంటే అది వాళ్ల బొటనవేలికి బెస్ట్.

ఆ తర్వాత అయిదు టీమ్ డెత్‌మ్యాచ్‌లు. ఒకటి రెండు మ్యాచ్‌లతో తేల్చకండి. క్లాసిక్‌లో పరీక్షిస్తే ఎదుటివాడి రక్షణ చొక్కా (వెస్ట్) లెక్క తప్పిస్తుంది. వెస్ట్ లెవల్ 1 దెబ్బని 30 శాతం తగ్గిస్తుంది, లెవల్ 2 40 శాతం, లెవల్ 3 55 శాతం. బుల్లెట్‌కి 40 దెబ్బ అనుకుంటే 100 ప్రాణం తీయడానికి ఛాతీ మీద చొక్కా లేనివాడికి 3, లెవల్ 1కి 4, లెవల్ 2కి 5, లెవల్ 3కి 6 బుల్లెట్లు కావాలి. ఎదుటివాడు ఏం తొడుక్కున్నాడో తెలియకుండా గన్నుని తిట్టడం అన్యాయం.

అంకెల్ని కాదు, ఎదుటివాణ్ని మార్చే ప్రయోగం

గ్రిప్ పరీక్ష ఉపయోగమే, కానీ దానితో ఆగిపోతే సరదా నాలుగు రోజులే. గురి పది శాతం మెరుగైతే చంపడం కొంచెం సులువవుతుంది. ఫైట్ స్వభావం మారదు. కంపెన్సేటర్ తీసి సప్రెసర్ పెట్టి చూడండి. రీకాయిల్‌లో (కాల్చేటప్పటి కుదుపులో) సాయం ఉండదు, అంకెల్లో నష్టమే. కానీ శబ్దం తగ్గి ఎదుటివాడికి మీ దిక్కు దొరకదు. మొదటి బుల్లెట్ తగలగానే వాడు తప్పు చెట్టు వెనక దాక్కుంటాడు, వీపు మీకు పెట్టి. ఇక్కడ మీరు మార్చింది వాడి ఆలోచనని. ఇలాంటి ప్రయోగానికే మూడో గడిలో "అవును" ఎక్కువసార్లు పడుతుంది.

మంచి షూటర్లు తయారుచేసేవాళ్లు ఇది గ్రహించే గదులు కడతారు. 2001లో వచ్చిన హేలోలో ఒకేసారి రెండు ఆయుధాలే మోయనిచ్చారు. ప్లాస్మా పిస్టల్ బటన్ నొక్కిపట్టి ఛార్జ్ చేసి వదిలితే ఎలైట్ అనే బలమైన శత్రువు చుట్టూ ఉన్న కవచం పోతుంది, వెంటనే మామూలు పిస్టల్‌తో తలకి ఒకటి. నాయకుడు పడగానే చుట్టూ ఉన్న గ్రంట్లు అనే చిన్న శత్రువులు చేతులెత్తి పరుగు తీస్తాయి. ముందు గ్రంట్లని కొట్టాలా, ముందు ఎలైట్‌నా అన్నది ఆ క్షణంలో నిజమైన ప్రశ్న అవుతుంది, జవాబు కళ్లకి కనిపిస్తుంది. 2007 నాటి బయోషాక్‌లో నీళ్లలో నిలబడ్డ శత్రువు మీద కాదు, నీళ్ల మీదే కరెంటు వదలాలి. 2012 నాటి ఫార్ క్రై 3లో కొన్ని శిబిరాల్లో బోనులో పులో ఎలుగుబంటో ఉంటుంది. కాపలావాళ్లని ఒక్కణ్నీ కాల్చకుండా బోను తలుపుని కాల్చి గడ్డిలో కూర్చోండి. హాఫ్‌లైఫ్ 2లో రేవెన్‌హోమ్ అధ్యాయం మొత్తం గ్రావిటీ గన్‌తోనే, అంటే దొరికిన రంపపు చక్రాలూ డబ్బాలూ విసురుతూనే, పూర్తిచేయొచ్చు. దానికి ప్రత్యేకంగా ఒక అచీవ్‌మెంట్ కూడా పెట్టారు. బుల్లెట్లు లేని ఆ గంట చాలామందికి మిగతా ఆటకన్నా ఎక్కువ గుర్తుంటుంది.

మొబైల్లో దీన్ని ఎలా వాడాలి? వారానికి ఒకటి చొప్పున ఇలాంటి ప్రశ్నలు రాసుకోండి. డాబా మీదున్నవాడు మెట్లు దిగాలంటే ఏం చేయాలి? ఒకవైపు స్మోక్ వేసి ఇంకోవైపు నుంచి వెళితే వాడు ఎటు చూస్తాడు? బండి హారన్ కొట్టి దిగి పక్కకి పోతే వాడు బండి మీదే గురి పెట్టుకుని కూర్చుంటాడా? మూడోదానికి జవాబు సాధారణంగా అవుననే.

జాడీలో దాచిన బాంబులు

చుట్టాలొస్తే వేద్దామని దాచిన ఆవకాయకి బూజు పట్టినట్టు, మంచి ఫైట్ కోసం దాచిన గ్రెనేడ్లన్నీ మీ శవం పక్కన పెట్టెలో దొరుకుతాయి, చంపినవాడు వాడుకుంటాడు. నియమం పెట్టుకోండి: మ్యాచ్‌లో మొదటి ఫైట్‌లోనే ఒక్కటైనా విసరాలి.

విసిరేది చంపడానికి కాదు, కదిలించడానికి. మెట్ల మీద మొలటోవ్ (మంట పెట్టే సీసా) పడితే గదిలోవాడికి మిగిలింది కిటికీ, అక్కడ మీ స్నేహితుడి గురి ఉంటుంది. పిన్ తీసిన క్షణం నుంచి కౌంట్ నడుస్తుంది. వెంటనే విసిరితే వాడు చప్పుడు విని తప్పుకుంటాడు, మరీ పట్టుకు కూర్చుంటే మీ చేతిలోనే పేలుతుంది. ట్రైనింగ్ గ్రౌండ్‌లో ఒక కిటికీ ఎంచుకుని ఇరవైసార్లు విసరండి. మొదటి అయిదారు చౌకట్టుకి తగిలి వెనక్కి వస్తాయి. కిటికీకి మరీ దగ్గరగా నిలబడటం వల్ల చెయ్యి చాపే చోటు సరిపోదు. రెండడుగులు వెనక్కి వేసి, గురి కొంచెం పైకి పెట్టండి.

నిబంధన పెట్టుకుని ఆడటం

"ఈ మ్యాచ్ స్కోప్ లేకుండా", "ఈ మ్యాచ్ వెనకనుంచే కొట్టాలి" లాంటివి. ఒకేసారి ఒక్క నిబంధనే, అదీ అయిదు మ్యాచ్‌లు మించకుండా. పిస్టల్ మాత్రమే అని ఎరాంగెల్ లాంటి పెద్ద మ్యాపు మైదానంలో దిగితే చేయగలిగింది ఏమీ ఉండదు. ఎంపికలు తగ్గించుకోవాలి గానీ చేతులు కట్టేసుకోకూడదు.

2020లో వచ్చిన డూమ్ ఎటర్నల్ ఈ పనిని ఆటలోనే పెట్టేసింది. ఏ గన్నుకీ బుల్లెట్లు చాలవు. చైన్‌సాతో కోస్తే బుల్లెట్లు, మంట వేసి కొడితే కవచం, చేతులతో ముగిస్తే ప్రాణం. కాకోడీమన్ అనే రాక్షసి నోట్లో గ్రెనేడ్ వేయాలి, అరాక్నోట్రాన్ అనేదాని వీపు మీది తుపాకీని ముందు ఊడగొట్టాలి. దాంతో ఒక్క గన్ను పట్టుకుని ఆడటం కుదరదు. అదే ఆటలో మరాడర్ అనే శత్రువు వచ్చేసరికి చాలామంది విసుక్కున్నారు, ఎందుకంటే వాడి కళ్లు ఆకుపచ్చగా మెరిసిన క్షణంలో తప్ప దెబ్బ సరిగా తగలదు. ఒకే జవాబున్న ప్రశ్న అది. మీరు పెట్టుకునే నిబంధన కూడా మరాడర్‌లా ఉంటే రెండో రోజుకే మానేస్తారు.

కొత్త తోలు కొనడం ప్రయోగం కాదు. బీజీఎంఐలో గన్ను స్కిన్ దెబ్బని పెంచదు.

స్క్వాడ్‌లో ఒక్కరే

నలుగురిలో ఒక మ్యాచ్‌కి ఒక్కరే ప్రయోగం చేయాలి, మిగతా ముగ్గురు తమ పాత పని చూసుకోవాలి. నలుగురూ కొత్తవి పట్టుకుంటే ఎందుకు ఓడారో తెలియదు, గొడవ మాత్రం తెలుస్తుంది. లాబీలోనే చెప్పండి: "ఒరే, ఈ మ్యాచ్ నేను షాట్‌గన్‌తో తలుపు దగ్గర ఉంటా, దూరం నువ్వు చూసుకో." చెప్పకుండా చేస్తే చచ్చాక చెప్పేది సాకులా వినిపిస్తుంది.

సరిహద్దు ఊళ్లలో ఇంకో చిక్కు ఉంది. స్క్వాడ్‌లో ఇద్దరు తెలుగు, ఇద్దరు ఒడియా. మీరు కంగారులో "ఆగు, ఆగు" అని అరిస్తే ఒడియా స్నేహితుడి చెవికి అది "ఆగొ"లా తగులుతుంది. ఒడియాలో ఆగొ అంటే ముందు. ఆపబోయినవాడు ముందుకి దూకుతాడు. స్మోక్ ప్రయోగం అక్కడే సమాప్తం. రెండు వైపులా ఒకేలా అర్థమయ్యే మాటలు ముందే అనుకోండి: స్టాప్, రష్, బ్యాక్. దిక్కుకి ఎడమ కుడి అనకండి, బాఁ డాహాణొ అనీ అనకండి, ఎందుకంటే మీ ఎడమ వాడి ఎడమ కాదు. తెర పైన ఉన్న దిక్సూచి అంకె చెప్పండి, "రెండొందల పది" అన్నట్టు. అది కూడా ఏ భాషలో చెప్పాలో లాబీలోనే తేల్చుకోవాలి.

తప్పుడు పాఠాలు ఎక్కడ పుడతాయి

కింది ర్యాంకుల్లో బాట్లు ఎక్కువ. నిటారుగా నిలబడి కాల్చేవాణ్ని, దెబ్బ తగిలినా చాటుకి పోనివాణ్ని చంపితే నోట్‌బుక్‌లో రాయకండి. టీమ్ డెత్‌మ్యాచ్‌లో బాగున్నది ఎరాంగెల్‌లో బాగుండాలని లేదు. అక్కడ గోదాములో పది ఇరవై మీటర్ల ఫైట్, ఇక్కడ ఎనిమిది కిలోమీటర్ల పొడవూ వెడల్పూ ఉన్న మ్యాపు. ఏకేఎం దగ్గర్లో నాలుగు బుల్లెట్ల చొప్పున కొడితే ఎంత హాయో, రెండొందల మీటర్లలో అంత నరకం.

వేళ్ల అలవాటు ఇంకో మోసం. రెండు వేళ్ల నుంచి నాలుగు వేళ్లకి మారినా, గైరోస్కోప్ (ఫోన్ వంచితే గురి కదిలే సెట్టింగ్) ఆన్ చేసినా, మొదటి వారం స్కోరు పడిపోతుంది. ఆ వారం రెండో గడి ఖాళీగా వదిలి మూడోది మాత్రమే నింపండి. దీనికి గడువు రెండు వారాలు ఇవ్వండి, గ్రిప్ లాంటి చిన్న మార్పుకి రెండు రోజులు చాలు.

కొన్ని పద్ధతులు గెలిపిస్తాయి గానీ విసిగిస్తాయి. బాత్‌రూమ్‌లో తలుపేసుకుని ఆఖరి పదిమంది దాకా కూర్చోవడం అలాంటిది. రెండో గడిలో గెలుపు, మూడో గడిలో "లేదు" అని నిజాయితీగా రాసి వదిలేయండి. దీనికి ఎదురు కూడా ఉంటుంది: అయిదింట నాలుగు ఓడినా మళ్లీ చేయాలనిపించేది. దాన్ని వదలకండి. ఓడిన నాలుగింట్లో ఎక్కడ చెడిందో చూడండి, చాలాసార్లు చెడేది పద్ధతి కాదు, వేళ. స్మోక్ పూర్తిగా పరుచుకోకముందే పరిగెత్తడం, మొలటోవ్ మంట ఆరకముందే మెట్లెక్కడం.

వరసగా మూడు మ్యాచ్‌లు కోపంతో ముగిస్తే ఆ రోజుకి నోట్‌బుక్ మూసేయండి. కోపంలో చేతులు పాత గన్నునే వెతుక్కుంటాయి.

ఇక ర్యాంక్‌లోకి ఎప్పుడు తీసుకెళ్లాలి? అయిదు డెత్‌మ్యాచ్‌లు, మూడు ర్యాంక్ లేని క్లాసిక్‌లు అయ్యాక మూడో గడిలో "అవును"లు సగం దాటితే అప్పుడు. అప్పుడు కూడా ఒక్కటే తీసుకెళ్లండి, రెండో ఆయుధంగా మీ పాత ఎం416 వీపు మీద ఉండనివ్వండి. కొత్తది దగ్గరి ఫైట్‌కి అయితే, దూరం నుంచి ఎవడైనా కాల్చినప్పుడు దాన్ని పట్టుకుని పరీక్షించాలన్న మొండితనం పనికిరాదు, పాతది తీయండి.